ఫ్రెండ్స్ గ్యాంగ్‌తో ఐలాండ్ ట్రిప్: బాలి, థాయ్‌లాండ్, మాల్దీవులు, అండమాన్‌లో మీ గ్రూప్‌కి ఏది సెట్ అవుతుంది

ఏడెనిమిది మంది ఫ్రెండ్స్ కలిసి ఐలాండ్ ట్రిప్ అనుకోగానే ముందు జరిగేది వాట్సాప్ గ్రూప్‌లో ఫొటోలు పడటం. ఒకరు నీళ్ళ మీద కట్టిన చెక్క విల్లా పెడతారు, ఇంకొకరు సున్నపురాయి కొండల మధ్య పడవ పెడతారు, ఇంకెవరో కొబ్బరిచెట్ల మధ్య ఊయల పెడతారు, చివరికి దేనికి ఎక్కువ హార్టులు పడితే ఆ దీవికి టికెట్లు బుక్ అయిపోతాయి. మా గ్యాంగ్‌కి ఇలాంటి ట్రిప్పులు నాలుగు నేనే ప్లాన్ చేశా, రెండు చాలా బాగా జరిగాయి, ఒకటి పర్లేదు, ఒకటి మాత్రం తిరిగొచ్చాక కొన్ని నెలల పాటు ఇద్దరి మధ్య మాటల్లేకుండా చేసింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. నా లెక్కలో గ్యాంగ్‌కి దీవి ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి రెండే. పగలు ఎవరికి నచ్చింది వాళ్ళు విడివిడిగా చేస్కునే వీలుండాలి, రాత్రికి అందరూ ఒక్క చోట కూర్చునే వీలుండాలి. ఈ రెండూ కుదిరితే బీచ్ కాస్త అటూ ఇటూ ఉన్నా ట్రిప్ బాగుంటుంది.

ఇది నాకు ఎక్కడ అర్థమైందో చెప్తా. బాలి పక్కన నూసా పెనీడా అని చిన్న దీవి ఉంది, బాలిలోని సనూర్ నుంచి స్పీడ్‌బోట్‌లో ముప్పావు గంట లోపే. అక్కడ మాంటా పాయింట్ అనే చోట మాంటా రేలు కనిపిస్తాయి, అంటే పెద్ద పెద్ద రెక్కలున్న టేకు చేపలు, మనిషిని ఏమీ చేయవు. అందరం ఎగేసుకుంటూ వెళ్ళాం. అది ఓపెన్ సముద్రం, అలలు పెద్దవి, పడవ లేస్తూ పడుతూ ఉంటుంది. మాలో ఒకమ్మాయికి ఈత రాదు. గైడ్ లైఫ్‌జాకెట్ ఉంది దిగండి అన్నాడు, తను నీళ్ళ వంక ఒకసారి చూసి వద్దంది. మేం దిగి, పైకొచ్చి, చూశావా చూశావా అని అరుస్తూ మళ్ళీ దిగుతూ ఉంటే, తను నారింజ రంగు లైఫ్‌జాకెట్ వేస్కుని ఒక చేత్తో పడవ కమ్మీ పట్టుకుని, ఒళ్ళో మా అందరి ఫోన్లు, కళ్ళజోళ్ళు పెట్టుకుని కూర్చుంది. పైకొచ్చిన వాళ్ళకి వరసగా టవల్స్ అందించింది. ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు పొద్దున మాత్రం మీరు వెళ్ళిరండి నేను రూమ్‌లో ఉంటా అంది. మేం పెనీడాలో మూడు రాత్రులు బుక్ చేశాం, అక్కడ పడవ ఎక్కకుండా, లేదా నిటారుగా ఉన్న కొండ మెట్లు దిగకుండా చేయడానికి పెద్దగా ఏం లేదు. అదే మూడు రాత్రులు పెద్ద దీవిలోనే ఉండి పెనీడాకి ఒక్క రోజు వెళ్ళొచ్చి ఉంటే తను ఆ రోజు బాలిలోని ఉబుద్ ఊళ్ళో హాయిగా తిరిగేది. తప్పు దీవిది కాదు, దాన్ని ఎంచుకున్న మాది.

కాబట్టి దీవుల గురించి మాట్లాడే ముందు ఒక పని చేయండి. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి మూడు అడగండి, మొత్తం ఎంత వరకు ఖర్చు పెట్టగలవు, ఈత వచ్చా, సెలవు ఏ నెలలో దొరుకుతుంది. గ్రూప్‌లో అడగొద్దు. గ్రూప్‌లో అడిగితే బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్ళు చెప్పరు, అందరూ ఓకే అంటే నేనూ ఓకే అంటారు, తర్వాత అక్కడికి వెళ్ళాక ప్రతి బోట్ ట్రిప్ దగ్గరా ప్రతి డిన్నర్ దగ్గరా లోపల్లోపల లెక్కలు వేస్కుంటూ ఉంటారు. మా నాలుగింటిలో చెడిపోయిన ట్రిప్ చెడింది అచ్చంగా ఇక్కడే. అందరిలో తక్కువ చెప్పిన నంబర్ ఏదైతే అదే ట్రిప్ బడ్జెట్, పైన ఎవరికైనా ఎక్స్‌ట్రా కావాలంటే వాళ్ళు విడిగా పెట్టుకుంటారు.

తర్వాత నెల. దీవి కంటే నెల ముందు తేలాలి, ఎందుకంటే ఒకే నెలలో ఒక దీవిలో సముద్రం అద్దంలా ఉంటే ఇంకో దీవిలో ఎర్రజెండాలు ఎగురుతుంటాయి. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి రుతుపవనాలు అండమాన్ సముద్రం మీదుగా వీస్తాయి, కాబట్టి అండమాన్ దీవులు, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, క్రాబీ, ఫీఫీ అన్నీ ఒకేసారి తడుస్తాయి, మాల్దీవులకి కూడా అదే టైమ్‌లో వానలు. వీటన్నిటికీ మంచి సీజన్ సుమారుగా డిసెంబర్ నుంచి ఏప్రిల్. బాలి భూమధ్యరేఖకి దక్షిణాన, దాదాపు 8 డిగ్రీల దగ్గర ఉంది, దాని లెక్క తిరగబడి ఉంటుంది, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడిగా ఉండి నవంబర్ నుంచి మార్చి దాకా వానలు. కో సముయి, కో పంగాన్, కో తావ్ ఉన్నది థాయ్‌లాండ్‌లోనే అయినా అవి అటు పక్క, గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో ఉన్నాయి, జూలై ఆగస్టుల్లో ఫుకెట్ తడుస్తుంటే అక్కడ చాలావరకు బాగానే ఉంటుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య మాత్రం దంచి కొడుతుంది, నవంబర్ అయితే అసలు వద్దు. చాలామంది థాయ్‌లాండ్ అంటే అంతా ఒకటే వాతావరణం అనుకుని ఇక్కడ దెబ్బతింటారు.

వానాకాలంలో వెళ్తే ఏమవుతుంది, రేట్లు తగ్గుతాయి కదా అని అడుగుతారు. వాన పెద్ద ప్రాబ్లమ్ కాదు, గంట కురిసి ఆగిపోతుంది, ప్రాబ్లమ్ సముద్రం. అలలు లేస్తే పడవలు క్యాన్సిల్ అవుతాయి, నీళ్ళు బురదగా అయ్యి స్నార్కెలింగ్‌లో, అంటే ట్యూబ్‌తో ఊపిరి పీలుస్తూ మొహం నీళ్ళలో పెట్టి చూస్తే, ఏమీ కనపడదు, బీచ్‌లో దిగనివ్వరు. విల్లాలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే మీ ప్లాన్ అయితే ఆఫ్ సీజన్ బ్రహ్మాండం, నీళ్ళ కోసం వెళ్తుంటే వద్దు.

ఇప్పుడు ఒక్కోటీ.

బాలి నా దృష్టిలో ఆరుగురి పైన ఉన్న గ్యాంగ్‌కి, అందరి టేస్టులూ వేరువేరుగా ఉన్నప్పుడు, మొదటి ఛాయిస్. కారణం విల్లాలు. మూడు నాలుగు బెడ్‌రూములు, మధ్యలో చిన్న పూల్, దాని పక్కన గోడలు లేకుండా పైకప్పు మాత్రమే ఉన్న హాలు, ఇలాంటివి అక్కడ బోలెడు, రాత్రికి అందరూ వచ్చి పడేది ఆ హాల్లోనే. పగలు ఒకరు సర్ఫింగ్ క్లాస్‌కి, ఇద్దరు ఉబుద్ వరిమళ్ళకి, ఓపికున్నవాళ్ళు అర్ధరాత్రి లేచి 1717 మీటర్ల బాటూర్ కొండ ఎక్కి సూర్యోదయం చూడ్డానికి, మిగతావాళ్ళు నిద్రకి. ఎవరూ ఎవరి కోసం ఆగక్కర్లేదు. కానీ నీళ్ళ విషయంలో ఒక మాట, నీలి రంగు గాజు లాంటి సముద్రం కోసమే వెళ్తుంటే బాలి నిరాశపరుస్తుంది, కుటా, చాంగు వైపు బీచ్‌లు సర్ఫింగ్‌వి, అలలూ, మనిషిని సముద్రం లోపలికి లాక్కెళ్ళే రిప్ కరెంట్లూ ఎక్కువ. ఈత రాని వాళ్ళుంటే సనూర్ లేదా నూసా దువా వైపు చూడండి, అక్కడ పగడపు దిబ్బ అడ్డుండి ఒడ్డు దగ్గర నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి, ఆటు టైమ్‌లో మరీ పల్చబడిపోతాయి అంతే.

బాలిలో ఇంకో తలనొప్పి ట్రాఫిక్. చాంగు నుంచి ఉబుద్ మ్యాప్‌లో దగ్గరే కనిపిస్తుంది, గంట నుంచి గంటన్నర ఈజీగా పడుతుంది, కాబట్టి రోజూ అటూ ఇటూ తిరిగే ప్లాన్ వేయకండి, దక్షిణాన కొన్ని రాత్రులు, ఉబుద్‌లో కొన్ని రాత్రులు అని విడగొట్టండి. డేట్లు ఫిక్స్ చేసేముందు న్యేపి ఎప్పుడొచ్చిందో చూస్కోండి, అది వాళ్ళ మౌన దినం, ఎక్కువగా మార్చిలో వస్తుంది, 24 గంటల పాటు ఎయిర్‌పోర్ట్ కూడా మూసేస్తారు, టూరిస్టులైనా సరే బయటికి అడుగు పెట్టకూడదు, రాత్రి లైట్లు కూడా బయటికి కనపడకూడదు. తెలిసి వెళ్తే అద్భుతమైన రాత్రి అది, ఊరంతా చీకటి, ఆకాశం నిండా చుక్కలు. తెలీకుండా ఆ రోజుకి ఫ్లైట్ కోసం చూస్తే మాత్రం ప్లాన్ అంతా మళ్ళీ మొదటి నుంచి వేస్కోవాలి. బాలి నుంచి ఫాస్ట్‌బోట్‌లో గిలి దీవులు కూడా వెళ్ళొచ్చు, అక్కడ మోటారు బండ్లే లేవు, సైకిళ్ళూ గుర్రబ్బండ్లూ మాత్రమే, దీవి మొత్తం నడిచి చుట్టేయొచ్చు, గ్యాంగ్ ఎలా విడిపోయినా మళ్ళీ దొరికిపోతారు. నీళ్ళు కూడా బాలి కంటే చాలా బాగుంటాయి. వారం పైన టైమ్ ఉంటే మూడు రాత్రులు అక్కడ పెట్టండి.

థాయ్‌లాండ్ ఎవరికంటే, ఆర్గనైజ్ చేసే మనిషికి ఓపిక తక్కువున్న గ్యాంగ్‌కి. అన్నీ రెడీమేడ్‌గా దొరుకుతాయి, డే ట్రిప్పులు, వ్యాన్లు, పడవలు, రాత్రి రెండింటికి కూడా తెరిచి ఉన్న చోట్లు. ఫుకెట్ అక్కడ అన్నిటికంటే పెద్ద దీవి, అసలు భూభాగానికి వంతెనతో కలిసే ఉంది, దీవిలో ఉన్న ఫీలింగ్ పెద్దగా రాదు. పార్టీ కావాల్సిన వాళ్ళు పాతాంగ్ అంటారు, నిద్ర కావాల్సిన వాళ్ళు అక్కడ నలిగిపోతారు, మిక్స్‌డ్ గ్యాంగ్ అయితే కొంచెం దక్షిణాన కాటా వైపు ఉండి పార్టీకి టాక్సీలో వెళ్ళి రావడం బెటర్. నాకు పర్సనల్‌గా నచ్చింది రైలే. అది దీవి కాదు, క్రాబీ పక్కన భూభాగం ముక్కే, కానీ వెనక నిటారు సున్నపురాయి కొండలు అడ్డుండటం వల్ల పడవలోనే వెళ్ళాలి. పొడుగు ముక్కు పడవ దిగి మోకాలి లోతు నీళ్ళలో బ్యాగులు నెత్తిన పెట్టుకుని ఒకరి వెనక ఒకరు నడిచి ఒడ్డుకి చేరాం, ఆ అయిదు నిమిషాల్లోనే అందరి మొహాల్లో సెలవు వచ్చేసింది. చక్రాల సూట్‌కేస్ తెచ్చుకున్న వాళ్ళకి కష్టం, ముందే చెప్పండి.

ఫొటోల్లో కనిపించే మాయా బే అనే బీచ్ కోసమే ఫీఫీ దీవులకి వెళ్దాం అనుకుంటే రూల్స్ తెలుసుకుని వెళ్ళండి. జనం తాకిడికి అక్కడి పగడాలు పాడైపోయి 2018 జూన్‌లో మూసేశారు, 2022 జనవరిలో తెరిచారు, ఇప్పుడు పడవలు వెనక వైపు ఆగుతాయి, లోపల ఈత కొట్టనివ్వరు, ఆగస్టు సెప్టెంబర్‌లలో ప్రతి ఏడాదీ మూస్తున్నారు. ఆ మూయడం వల్లే పగడాలు మళ్ళీ పెరుగుతున్నాయి, చిన్న సొరచేపలు ఒడ్డు దాకా వస్తున్నాయి, నాకైతే ఆ రూల్ చాలా మంచి రూల్. అలాగే థాయ్‌లాండ్ సముద్ర నేషనల్ పార్కుల్లో పగడాలకి హాని చేసే ఆక్సీబెంజోన్ లాంటి కెమికల్స్ ఉన్న సన్‌స్క్రీన్ 2021 నుంచి నిషేధం, జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనుక్కోండి. ఇంకా మంచిది ఫుల్ హ్యాండ్స్ రాష్‌గార్డ్, అంటే ఈతకి వేస్కునే బిగుతు చొక్కా, స్నార్కెలింగ్‌లో వీపు మాడే పని ఉండదు.

గ్యాంగ్‌లో సగం మందికి డైవింగ్ నేర్చుకోవాలని ఉంటే మాత్రం వేరే ఆలోచన వద్దు, కో తావ్. దీవి చిన్నది, డైవింగ్ స్కూళ్ళు మాత్రం అడుగడుక్కీ, ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి కోర్సు మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది, 18 మీటర్ల లోతు దాకా వెళ్ళొచ్చు. మిగతా సగం ఆ నాలుగు రోజులు ఏం చేస్తారో ముందే మాట్లాడుకోండి, డైవర్లు పొద్దున్నే వెళ్ళిపోయి సాయంత్రానికి అలిసిపోయి తొమ్మిదింటికే పడుకుంటారు.

మాల్దీవులు. ఇక్కడ రెండు వేరువేరు ట్రిప్పులు ఒకే పేరు మీద తిరుగుతున్నాయి, విడదీసి చూడాలి. ఒకటి రిసార్ట్, ఒక దీవి ఒక రిసార్ట్ పద్ధతి. నీళ్ళు నేను చూసిన వాటిలో అన్నిటికంటే అందం, అందులో రెండో మాట లేదు. కానీ గ్యాంగ్‌కి నేను సజెస్ట్ చేయను. ఎక్కువ విల్లాల్లో ఇద్దరికో ముగ్గురికో మాత్రమే పర్మిషన్ ఉంటుంది, ఎనిమిది మంది అంటే నాలుగు విల్లాలు, ఒక్కోటి ఒక్కో మూల, రాత్రి పదైతే ఎవరి తలుపు వాళ్ళు వేస్కోవడమే. పైగా దీవిలో అన్నీ ఆ ఒక్క రిసార్ట్ దగ్గరే కొనాలి, బయటికి నడిచి వెళ్ళి తక్కువలో తినే ఛాన్స్ లేదు, కాబట్టి బడ్జెట్ తక్కువున్న ఫ్రెండ్ మీద ప్రతి పూటా భారం పడుతుంది. దూరం రిసార్టులకి సీప్లేన్, అంటే నీళ్ళ మీద దిగే చిన్న విమానం, ఎక్కాలి, అవి పగటి వెలుతురులోనే ఎగురుతాయి, సాయంత్రం ల్యాండయ్యే ఫ్లైట్ తీస్కుంటే ఆ రాత్రి రాజధాని మాలే దగ్గరే పడుకోవాలి. ఇవన్నీ జంటలకి చిన్న విషయాలు, గ్యాంగ్‌కి పెద్దవి.

రెండోది లోకల్ దీవులు, అంటే మాల్దీవుల జనం ఉండే ఊళ్ళు. 2009 తర్వాతే అక్కడ గెస్ట్‌హౌస్‌లకి అనుమతి వచ్చింది. మాఫూషి అయితే ఎయిర్‌పోర్ట్ నుంచి స్పీడ్‌బోట్‌లో ముప్పావు గంట లోపు, ధిగురా అయితే దూరం గానీ అక్కడ తిమింగల సొరచేపలు ఏడాది పొడుగునా ఉంటాయి. గెస్ట్‌హౌస్‌లో ఒక ఫ్లోర్ మొత్తం తీస్కుంటే పైన టెర్రస్ మీ గ్యాంగ్‌ది. మందు మాత్రం దొరకదు, లోకల్ దీవుల్లో చట్టప్రకారం నిషేధం, బయటి నుంచి తేవడం కూడా కుదరదు, ఎయిర్‌పోర్ట్‌లోనే తీసి పెట్టేస్తారు. బికినీ కూడా దాని కోసం కేటాయించిన బీచ్‌లోనే, ఊళ్ళో భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని నడవాలి. మీ గ్యాంగ్‌లో మందు లేకపోతే సాయంత్రం గడవని వాళ్ళుంటే ఇది వద్దు, నిజాయితీగా అడిగి తేల్చుకోండి. శుక్రవారం పబ్లిక్ ఫెర్రీలు చాలావరకు తిరగవు, అది కూడా ప్లాన్‌లో పెట్టుకోండి.

మా గ్యాంగ్‌కి అన్నిటికంటే బాగా జరిగిన ట్రిప్ ఇదే, ఇలాంటి ఒక లోకల్ దీవిలో. పడవ లగూన్ లోపల, అంటే పగడపు దిబ్బ అడ్డున్న ప్రశాంతమైన చోట, నడుం లోతు నీళ్ళ దగ్గర ఆగింది. పెనీడాలో మా టవల్స్ అందించిన అమ్మాయి ఈసారి నిచ్చెన మెట్టు మెట్టు దిగింది, గైడ్ ఒక రింగ్ బోయా తెచ్చి రెండు చేతులతో ఇది పట్టుకోండి, నేను లాగుతా, మీరు మొహం మాత్రం లోపల పెట్టండి అన్నాడు. మొదటిసారి రెండు సెకన్లు. రెండోసారి కాస్త ఎక్కువ. మూడోసారి మొహం లోపల పెట్టాక ఇక తీయలేదు, ట్యూబ్‌లోంచి ఏదో అరుస్తోంది, కింద తాబేలు ఒకటి గడ్డి మేస్తోంది. ఆ రోజు నీళ్ళలోంచి చివరగా పైకెక్కింది తనే.

అండమాన్ గురించి చెప్పేటప్పుడు ముందు చెప్పాల్సింది సాయంత్రాలు. గడియారం భారతదేశం టైమే కానీ దీవులు బాగా తూర్పున ఉన్నాయి, డిసెంబర్‌లో సాయంత్రం అయిదింటికే సూర్యుడు దిగిపోతాడు, ఆరింటికి చిమ్మ చీకటి. పొద్దున్నే లేచే గ్యాంగ్ అయితే ఇంతకంటే మంచి చోటు లేదు, పదకొండింటికి లేచే గ్యాంగ్ అయితే సగం రోజు పోతుంది. నైట్‌లైఫ్ ఆశించకండి. స్వరాజ్ ద్వీప్, అంటే 2018 దాకా హేవ్‌లాక్ అన్నది, అక్కడి రాధానగర్ బీచ్ విశాలంగా, వెనక అడవితో, నిజంగా మనసు నిండిపోతుంది. డైవింగ్ కూడా బాగుంటుంది. శ్రీ విజయపురం, అంటే పోర్ట్ బ్లెయిర్, పేరు 2024లో మారింది, అక్కడ సెల్యులార్ జైల్‌కి ఒక పూట తప్పకుండా ఇవ్వండి, 1906కి కట్టడం పూర్తయింది, ఆ గదుల ముందు నిలబడితే ఎంత అల్లరి గ్యాంగ్ అయినా మాట్లాడకుండా బయటికొస్తుంది. ఇబ్బంది ఏంటంటే దీవి నుంచి దీవికి ఫెర్రీలే దిక్కు, పీక్ సీజన్‌లో ఎనిమిది సీట్లు ఒకే ఫెర్రీలో దొరకవు, కాబట్టి హోటల్ కంటే ముందు ఫెర్రీ బుక్ చేయండి. మొసలి హెచ్చరిక బోర్డులున్న చోట దిగొద్దు, ఉప్పునీటి మొసళ్ళు అక్కడ నిజంగా ఉన్నాయి. గవ్వలూ పగడాల ముక్కలూ జేబులో వేస్కుని రావడం నేరం, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు.

మారిషస్ కూడా అడుగుతుంటారు, జనవరి నుంచి మార్చి తుఫాన్ల టైమ్ అని గుర్తుపెట్టుకుంటే చాలు, కార్లు అద్దెకి తీస్కుని తిరిగే గ్యాంగ్‌కి బాగుంటుంది.

ఏ దీవైనా స్కూటరా వ్యానా అనే గొడవ ఒకటి వస్తుంది. స్కూటర్ సరదా నాకు తెలుసు, కానీ బయటి దేశాల్లో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీద మోటార్‌సైకిల్ ముద్ర లేకపోతే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ మామూలుగా ఒక్క పైసా ఇవ్వదు, కారు లైసెన్స్ ఒక్కటే సరిపోదు. మాలో ఒకడు ఇసక పడిన మలుపులో జారి మోచేయి మొత్తం గీరుకుపోయింది, మిగతా అయిదు రోజులూ చేతికి ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని ఒడ్డున కూర్చున్నాడు. ముద్ర ఉన్న ఇద్దరు ముగ్గురు నడపండి, మిగతావాళ్ళకి డ్రైవర్‌తో వ్యాన్, ఎనిమిది మందికి పంచితే ఎక్కువేం కాదు.

ఇంకోటి, రిప్ కరెంట్ గురించి ఎక్కడికెళ్ళినా మొదటి రోజే అందరికీ చెప్పండి. రెండు వైపులా అలలు విరుగుతూ మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా కనిపిస్తే అదే డేంజర్, నీళ్ళు అక్కడి నుంచే లోపలికి లాక్కెళ్తాయి. పట్టుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, తేలుతూ చెయ్యెత్తండి, లేదా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పట్టీ దాటాక బయటికి రండి. ఎర్రజెండా ఉంటే దిగొద్దు, ఎంత బాగా ఈతొచ్చినా సరే.

మొత్తానికి నేనైతే ఇలా తేలుస్తా. జూన్ నుంచి ఆగస్టు మధ్య సెలవులు, అందరి టేస్టులూ వేరు, అయితే బాలి. అదే నెలల్లో బీచే కావాలి, రాత్రిళ్ళు మేలుకోవాలి అంటే సముయి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ మధ్య, మందు అక్కర్లేదు, నీళ్ళే ప్రాణం అంటే మాల్దీవుల లోకల్ దీవి. అదే టైమ్‌లో పార్టీ కూడా ఉండాలంటే ఫుకెట్, క్రాబీ. అందరూ పొద్దున్నే లేచే వాళ్ళు, హడావిడి వద్దు అంటే అండమాన్. ఈత రాని వాళ్ళు సగం కంటే ఎక్కువ ఉంటే చిన్న దీవుల్లో ఎక్కువ రాత్రులు పెట్టకండి, పెద్ద దీవిలో ఉండి చిన్నవాటికి వెళ్ళి రండి.

ఎక్కడికెళ్ళినా చివరి రాత్రి మాత్రం ఎయిర్‌పోర్ట్ ఉన్న దీవి మీదే పడుకోండి. పొద్దున చిన్న దీవి నుంచి పడవెక్కి మధ్యాహ్నం ఫ్లైట్ అందుకుందాం అని లెక్క వేస్తారు, ఆ ఒక్క పొద్దున సముద్రం ఒప్పుకోకపోతే ఎనిమిది టికెట్లు పోతాయి. డైవింగ్ చేసిన వాళ్ళు ఎలాగూ ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు, కాబట్టి ఆ రోజు అందరికీ ఖాళీ రోజే. మేం ఆ రోజుని తడి బట్టలు ఆరేసుకోవడానికి, లెక్కలు చూస్కోవడానికి, ఇంకోసారి అందరం కలిసి భోంచేయడానికి వదిలేస్తాం.